టెన్నిస్‌కి ఏ షూ కొనాలి? చీలమండ పదేపదే మడతపడుతున్న పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాద్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ సింథటిక్ కోర్టులో వారానికి నాలుగు రోజులు పొద్దున్నే డబుల్స్ ఆడుతున్నాను. జాగింగ్ కోసం కొన్న మెత్తటి రన్నింగ్ షూలతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఈ మధ్య రెండుసార్లు కుడి చీలమండ మడతపడింది. చిటికెన వేలి పక్కన బొబ్బలు, బొటనవేలి గోరు నల్లబడటం మామూలైపోయాయి. నా పాదం ముందువైపు కాస్త వెడల్పు. బ్యాడ్మింటన్ షూ సరిపోతుందని తోటివాళ్లు అంటున్నారు. 6,000 రూపాయల్లో ఏది తీసుకోవాలి? మా అమ్మాయికి పదకొండేళ్లు, అకాడమీలో మట్టి కోర్టు మీద నేర్చుకుంటోంది. తనకి రెండు సైజులు పెద్దది కొంటే ఏడాదైనా వస్తుందా?

సమాధానం: కొత్త జత వచ్చేదాకా ఆట ఆపి అయినా సరే, ఆ రన్నింగ్ షూలు మాత్రం కోర్టులోకి తీసుకెళ్లకండి. అవి నాసిరకం అని కాదు. జాగింగ్‌కి ఎంత మంచివైతే టెన్నిస్‌కి అంత ప్రమాదం. పరుగులో పాదం ముందుకే పోతుంది కాబట్టి వాటిలో మడమ కింద ఫోమ్ దట్టంగా పెడతారు. ఇప్పుడొస్తున్న మెత్తటి రకాల్లో అది 35 మిల్లీమీటర్లు కూడా దాటుతుంది. పైన గుడ్డ గాలి ఆడేలా పలచగా, సాగేలా ఉంటుంది. టెన్నిస్‌లో మీరు చేసేది వేరు. రెండడుగులు పక్కకి దూకి, ఒక్కసారి ఆగి, బంతి కొట్టి, మళ్లీ మధ్యకి రావాలి.

అలా ఆగే క్షణంలో కాలి కింద ఏం జరుగుతుందో చూడండి. కుడి పక్కకి వెళ్లి కుడికాలు మోపారు. షూ నేలని పట్టుకుని ఆగింది, లోపల పాదం మాత్రం ఇంకా బయటికే పోతోంది. పలచటి గుడ్డ సాగింది, చిటికెన వేలు సోల్ అంచు దాటి బయటికి తోసుకొచ్చింది. ఒంటి బరువంతా బయటి అంచు మీద పడేసరికి అక్కడి ఫోమ్ కుంగింది. అరికాలు లోపలివైపుకి తిరిగి చీలమండ బయటికి ఒరిగింది. మడమ ఎంత ఎత్తున ఉంటే ఆ ఒరగడం అంత సులువు, అంత వేగం. మీ బొబ్బలకీ, చీలమండకీ మూలం ఒక్కటే: షూ లోపల పాదం పక్కకి జారుతోంది. అందుకే టెన్నిస్ షూలో ముందుగా చూడాల్సింది మెత్తదనం కాదు, పాదాన్ని సోల్ మీంచి పక్కకి జారనివ్వని పట్టు. మిగతావన్నీ దాని తర్వాతే.

బ్యాడ్మింటన్ షూ ఆ లెక్కన రన్నింగ్ షూ కంటే చాలా నయం. నేలకి దగ్గరగా ఉంటుంది, పక్కకి పట్టు ఇస్తుంది. కానీ దాని సోల్ చెక్క నేలకీ, ఇండోర్ మ్యాట్‌కీ చేసిన మెత్తటి గమ్ రబ్బరు. మీ సింథటిక్ కోర్టు అంటే కాంక్రీటు మీదో తారు మీదో ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగు. అది గరుకు కాగితంతో సమానం. వారానికి నాలుగు రోజులు ఆడితే గమ్ సోల్ కొద్ది వారాల్లోనే వేళ్ల మొదలు దగ్గర నున్నగా అరిగిపోతుంది, ఆ తర్వాత జారడం మొదలవుతుంది. పైగా బ్యాడ్మింటన్ షూకి ముందుభాగంలో బొటనవేలి పక్కన టెన్నిస్‌కి కావలసినంత రక్షణ ఉండదు. సర్వీస్ చేసేటప్పుడు, ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు వెనక కాలి బొటనవేలి లోపలి పక్క కోర్టు మీద గీసుకుంటూ వస్తుంది. కుడిచేతి ఆటగాళ్లకి తరచుగా కుడి షూ అక్కడే చిరుగుతుంది.

ఇక షాపులో. టెన్నిస్ షూ అని పేరున్నదల్లా ఆడటానికి పనికిరాదు. అడిడాస్ గ్రాండ్ కోర్ట్, అడ్వాంటేజ్, స్టాన్ స్మిత్, నైకీ కోర్ట్ విజన్ చూడటానికి ఆట షూల్లాగే ఉంటాయి, ధర కూడా మీ బడ్జెట్‌కి దగ్గరగానే దొరుకుతాయి. అవి వీధిలో వేసుకు తిరగడానికి. స్టాన్ స్మిత్ ఒకప్పుడు నిజంగా ఆడిన షూయే, ఇప్పటి ఆట వేగానికి అది చాలదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మరీ జాగ్రత్త. వెతికితే ఇవే ముందు వరసలో కనబడతాయి. సోల్ ఫొటో చూడండి. సోల్ మీద వంకర టింకరగా, జిగ్‌జాగ్ గాళ్లు కనబడాలి.

షూ చేతికి తీసుకున్నాక మడమ వెనక భాగాన్ని రెండు పక్కలా బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కండి. లోపలికి కుంగిపోతే అక్కడే పెట్టేయండి. తర్వాత మడమని ఒక చేత్తో, ముందుభాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. వేళ్ల వైపు కొంచెం తిరిగితే పరవాలేదు, నడిమి భాగం మాత్రం తిరగకూడదు. అరికాలి వంపు కింద షాంక్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటే తిరగదు. ముందుభాగాన్ని పైకి వంచితే వేళ్ల మొదలు దగ్గరే వంగాలి. సరిగ్గా మధ్యలో మడిచిపోయే షూతో ఆడితే అరికాలి వంపు నొప్పి పుడుతుంది. చిటికెన వేలి పక్కన సోల్ పాదం కంటే కాస్త బయటికి పరుచుకుని ఉందా, బొటనవేలి లోపలి పక్కన రబ్బరో గట్టి పూతో ఎక్కి ఉందా చూడండి. సోల్ మీద నాన్‌మార్కింగ్ అని ఉండటం కూడా మంచిదే, సింథటిక్ కోర్టుల్లో నల్ల గీతలు పడితే ఊరుకోరు.

చివరి పరీక్ష కాళ్లతోనే. రెండు షూలూ వేసుకుని, లేసులు ఆటకి కట్టుకున్నంత గట్టిగా కట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. ఒక కాలి మీదకి బరువు విసురుగా మార్చండి, మళ్లీ రెండోవైపు. వంగి చూడండి, లేదా పక్కనున్నవాళ్లని చూడమనండి. షూ పైభాగం సోల్ అంచు మీదుగా బయటికి ఉబ్బుతోందా? ఉబ్బితే ఎంత పేరున్న కంపెనీదైనా మీకు పనికిరాదు. మొక్కుబడిగా రెండడుగులు నడిచి "బాగానే ఉంది" అనుకుని డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. నడకలో ఏ షూ అయినా బాగానే ఉంటుంది.

ఇప్పుడు మీ పాదం సంగతి. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది తీసుకున్నారేమో ఒకసారి చూసుకోండి. చిటికెన వేలికి బొబ్బ, బొటనవేలి గోరు నలుపు కలిసి వచ్చాయంటే చాలాసార్లు కారణం అదే. పొడవు ఎక్కువైన షూలో, ఆగిన ప్రతిసారీ పాదం ముందుకి జారి గోరు ముందు గోడకి కొట్టుకుంటుంది. వెడల్పు మాత్రం అలాగే ఇరుకుగా ఉండి పక్కన ఒరుసుకుంటుంది. పైగా షూ వంగే చోటు, మీ వేళ్లు వంగే చోటు ఒకదానికొకటి కలవవు. వెడల్పు పాదానికి కావలసింది పెద్ద సైజు కాదు, వెడల్పు షూ. కంపెనీలు దీన్ని అక్షరాల్లో చెబుతాయి. మగవాళ్లకి మామూలు వెడల్పు డి, వెడల్పైనది 2ఈ. ఆడవాళ్లకి మామూలు బి, వెడల్పైనది డి. ఆసిక్స్, న్యూ బ్యాలెన్స్ కొన్ని మోడళ్లలో ఈ వెడల్పులు చేస్తాయి. మన షాపుల్లో అన్నీ దొరకవు గానీ అడగందే బయటికి తీయరు. నైకీ వేపర్ లాంటి సన్నటి మోడళ్ల జోలికి మీరు వెళ్లొద్దు.

పాదం సాయంత్రం కొలవండి. పొద్దుటికీ సాయంత్రానికీ పాదం కాస్త ఉబ్బుతుంది, ఆటలో ఇంకా ఉబ్బుతుంది. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, అన్నిటికంటే పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి అది బొటనవేలు కాదు, పక్క వేలు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. షూ నాలుక మీది చీటీలో సెంటీమీటర్ల అంకె ఉంటుంది, సీఎం అనో జేపీ అనో రాసి ఉంటుంది. మీ కొలతకంటే అర నుంచి ఒక సెంటీమీటరు ఎక్కువ ఉన్న అంకెతో మొదలుపెట్టండి. యూకే, యూఎస్ నంబర్లని నమ్ముకుంటే తికమకే. ఆసిక్స్‌లో యూకే 8 అంటే యూఎస్ 9, అడిడాస్‌లో యూకే 8 అంటే యూఎస్ 8.5. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లకి ఇది చాలాసార్లు ఎదురయ్యే చిక్కు. "నాది 8" అని ఫోన్లో చెబితే వాళ్లు అక్కడి 8 తెస్తారు, అది ఇక్కడి 7 లేదా 7.5 అవుతుంది, మార్చుకునే దారి ఉండదు. సెంటీమీటర్లలో చెప్పండి, వెడల్పు అక్షరం కూడా చెప్పండి. అక్కడ కొన్ని ఖరీదైన మోడళ్లకి ఇచ్చే ఆరు నెలల సోల్ గ్యారంటీ కోసం ఎక్కువ పెట్టే ముందు, అది ఇక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోమనండి.

షాపులో ఇంకో పని చేయండి. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. వేళ్ల ముందు దాదాపు ఒక సెంటీమీటరు మిగలాలి. పాదం పక్కలు ఇన్‌సోల్ అంచు దాటి బయటికి పొంగితే ఆ షూ మీకు ఇరుకు. వాడేకొద్దీ సాగుతుందిలే అని సేల్స్‌మన్ అనొచ్చు. తోలు షూ కొంచెం సాగుతుంది, ఇప్పటి టెన్నిస్ షూ పైభాగం సాగదు, సాగకూడదు కూడా. ఆటకి వేసుకునే సాక్సుతోనే వెళ్లండి. మడమ దగ్గర, వేళ్ల దగ్గర మందంగా అల్లిన పాలిస్టర్, నైలాన్ కలిసిన సాక్సులు మంచివి. పూర్తి నూలు సాక్సు చెమటని పట్టుకుని తడిసి ముద్దవుతుంది, తడి చర్మం త్వరగా బొబ్బలెక్కుతుంది. చీలమండకి బ్రేస్ వేసుకునేటట్టయితే దాన్నీ తీసుకెళ్లి, వేసుకునే షూ పరీక్షించండి.

లేసుల్లో కూడా చాలా ఉంది. మడమ లోపల లేస్తూ ఉంటే, పైన వాడకుండా వదిలేసే ఆఖరి రంధ్రాలు పనికొస్తాయి. లేసుని అడ్డంగా వేయకుండా, అదే పక్కనున్న ఆఖరి రంధ్రంలోకి బయటినుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో పక్కా అలాగే. ఇప్పుడు ఒక పక్క లేసు కొసని ఎదుటి పక్క ఉచ్చులోంచి తీసి, రెండు కొసల్నీ కిందివైపుకి లాగి బిగించి, అప్పుడు ముడి వేయండి. మడమ వెనక్కి అతుక్కుని పాదం ముందుకి జారడం ఆగుతుంది, గోరు బతుకుతుంది. వెడల్పు భాగం నొక్కుతోందా, అక్కడ ఒక్క వరస మాత్రం లేసుని అడ్డంగా దాటించకుండా అదే పక్కన నిలువుగా పైకి తీసుకెళ్లండి. ఒత్తిడి తగ్గుతుంది, మిగతా పట్టు అలాగే ఉంటుంది.

ఇక కోర్టు. మీ సింథటిక్‌కి గట్టి రబ్బరు సోల్ కావాలి. గాళ్లు మరీ లోతుగా ఉండనక్కర్లేదు. ఎక్కువ అరిగే చోట్ల, అంటే వేళ్ల మొదలు కింద, బొటనవేలి కింద గాళ్లు దగ్గర దగ్గరగా, రబ్బరు మందంగా ఉంటే చాలు. మట్టి కోర్టు షూ దీనికి పూర్తిగా వేరు. సోల్ అంచు నుంచి అంచు దాకా ఒకే జిగ్‌జాగ్, గాళ్లు వెడల్పుగా, లోతుగా ఉంటాయి. మట్టిలో కావాలని కొద్దిగా జారి ఆగాలి, ఆగిన చోట పట్టు దొరకాలి, గాళ్లలో ఇరుక్కున్న మట్టి రాలిపోవాలి. సింథటిక్ షూతో మట్టి మీద ఆడితే సన్నటి గాళ్లు మట్టితో పూడుకుపోయి సోల్ నున్నగా తయారవుతుంది. మట్టి షూతో సింథటిక్ మీద ఆడితే సోల్ త్వరగా అరిగిపోతుంది. రెండింటి మీదా అప్పుడప్పుడూ ఆడేవాళ్లకి ఆల్ కోర్ట్ అని రాసి ఉన్నవి మధ్యేమార్గం. గడ్డి కోర్టుకి చిన్న చిన్న బుడిపెల సోల్ వేరే ఉంది, మన దగ్గర దాని అవసరం అరుదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చలికాలం పొద్దున్నే మంచు పట్టిన సింథటిక్ మీద, వాన వెలిసిన వెంటనే తెల్ల గీతల మీద ఏ సోలూ నిలవదు. ఆ తడి తుడిచి, ఆరేదాకా ఆగాల్సిందే.

మీ 6,000కి ఆసిక్స్ గెల్-డెడికేట్, గెల్-గేమ్ తరహావి, డెకథ్లాన్ సొంత టెన్నిస్ షూల్లో మధ్యస్థాయివి చూడండి. ధరలు ఆఫర్లని బట్టి పైకీ కిందికీ అవుతుంటాయి. ఆసిక్స్‌లోనే గెల్-రిజల్యూషన్ పక్కకి పట్టు ఇవ్వడంలో చాలా గట్టిది, ధర దాదాపు రెట్టింపు ఉంటుంది. రెండుసార్లు మడతపడ్డ చీలమండకి అది దండగ ఖర్చు కాదు. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాతది బాగా తగ్గుతుంది, ఆ సమయం చూసుకుని కొనొచ్చు. కానీ మరీ పాత స్టాకు వద్దు. నాలుక కింద చీటీ మీద తయారైన నెల, సంవత్సరం వేసి ఉంటుంది. మూడు నాలుగేళ్లు గోడౌన్‌లో మగ్గిన జత చూడటానికి కొత్తగానే ఉన్నా లోపల జిగురు బలహీనపడి ఉంటుంది, పాలీయురేథేన్ వాడిన మిడ్‌సోల్ (సోల్‌కి, పాదానికి మధ్య ఉండే ఫోమ్ పొర) అయితే గాలిలో తేమకే పొడిబారి ముక్కలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మీ అమ్మాయికి రెండు సైజులు పెద్దది కొనొద్దు. పదకొండేళ్ల పిల్లల పాదం నెలల్లోనే పెరుగుతుంది కాబట్టి మీ ఆలోచన అర్థమవుతోంది. అయినా వదులు షూలో తను వేళ్లు ముడుచుకుని పట్టు తెచ్చుకుంటుంది, అడుగు వేయడమే తప్పుగా అలవాటవుతుంది, మట్టిలో జారి ఆగేటప్పుడు మడమ బయటికి వచ్చేస్తుంది. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటింపావు సెంటీమీటరు ఖాళీ చాలు. మూడు నెలలకోసారి ఇన్‌సోల్ బయటికి తీసి నిలబెట్టి చూడండి. ముందు ఖాళీ అర సెంటీమీటరుకి వచ్చిందంటే మార్చాలి. పెరిగే పిల్లలకి ఖరీదైనది ఒకటి కొనేకంటే ఓ మోస్తరు ధరలో పూర్తి జిగ్‌జాగ్ సోల్ ఉన్న జూనియర్ జతలు ఏడాదిలో రెండు కొనడమే మేలు. వెల్క్రో పట్టీలది కాదు, లేసులదే తీసుకోండి, ఆ వయసుకి కట్టుకోవడం వచ్చేసి ఉంటుంది. కోర్టులోంచి బయటికి వచ్చేటప్పుడు షూ అడుగున ఉన్న మట్టిని బ్రష్‌తో దులుపుకోవడం నేర్పండి. రాకెట్ అంచుతో కొట్టుకుంటే రాకెట్ పాడవుతుంది.

కొత్త జతతో నేరుగా మ్యాచ్ ఆడకండి. రెండు మూడు రోజులు ఇంట్లో వేసుకుని తిరిగి, తర్వాత అరగంట ర్యాలీలు మాత్రం ఆడి చూడండి. ఎక్కడైనా ఎర్రబడితే అప్పుడే తెలుస్తుంది. ఆట అయ్యాక ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టినా, మే నెలలో కారు డిక్కీలో వదిలేసినా జిగురు ఊడి సోల్ నోరు తెరుస్తుంది. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. ఆ షూతో ఆఫీసుకో, వాకింగ్‌కో వెళ్లొద్దు, కోర్టుకే ఉంచండి.

ఎప్పుడు మార్చాలన్నది నెలల లెక్క కాదు. వేళ్ల మొదలు కింద జిగ్‌జాగ్ చెరిగి నున్నటి మచ్చ కనబడిందా, దాని పని అయిపోయినట్టే. కొందరికి సోల్ బాగానే ఉండగా మిడ్‌సోల్ ముందు చచ్చిపోతుంది. పక్క నుంచి చూస్తే ఫోమ్ మీద అడ్డంగా ముడతలు పడి ఉంటాయి, బొటనవేలితో నొక్కితే తిరిగి లేవదు, ఆట అయ్యాక మోకాళ్లూ మడమలూ ఇంతకు ముందు లేనంతగా నొప్పెడతాయి. షూలు రెండూ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకి ఒరిగి నిలబడితే అది మీ చీలమండనీ అటే లాగుతోంది.

షూ ఎంత మంచిదైనా, రెండుసార్లు సాగిన లిగమెంట్‌కి అది మందు కాదు. ఫిజియోథెరపిస్ట్‌కి ఒకసారి చూపించుకోండి. ఒంటికాలి మీద 30 సెకన్లు తూలకుండా నిలబడగలిగితేనే, తర్వాత కళ్లు మూసుకుని కూడా కొంతసేపు నిలబడగలిగితేనే మళ్లీ కోర్టులోకి దిగండి. ఈసారి మడతపడ్డ వెంటనే నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద వేలితో నొక్కితే నొప్పున్నా, మర్దన చేయించుకోకుండా అదే రోజు ఎక్స్‌రే తీయించుకోండి.